మెల్‌బోర్న్ శివారులో కౌన్సిల్ చిన్న గ్రాంట్లు: ఒక తెలుగు సంఘం కోశాధికారి సమీక్ష

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 79 స్థానిక కౌన్సిళ్లు ఉన్నాయి. చెత్త ఎత్తించడం, గ్రంథాలయాలు నడపడం, పార్కులు చూసుకోవడం వీటి నిత్యకృత్యం కాగా, ఇళ్ల యజమానుల నుంచి రేట్ల పేరిట వసూలు చేసే పన్నులో కొద్ది భాగాన్ని స్థానిక సంఘాలకు చిన్న గ్రాంట్లుగా పంచడం కూడా వీటి పనుల్లో ఒకటి. 2016 జనాభా లెక్కల్లో ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు సుమారు 34 వేలు కాగా, 2021 నాటికి ఆ సంఖ్య 59 వేలకు చేరింది. వారిలో చాలామంది మెల్‌బోర్న్ అంచున కొత్తగా వెలసిన కాలనీల్లో ఉంటున్నారు కాబట్టి ఈ గ్రాంట్ల ప్రస్తావన ప్రతి పండుగ కమిటీ సమావేశంలోనూ వస్తుంది. వాటిని ఎలా అడగాలో, అడిగాక ఏమవుతుందో పూర్తిగా తెలిసినవారు మాత్రం తక్కువ. ఒక చిన్న తెలుగు సంఘానికి కోశాధికారిగా ఉంటూ, మా కౌన్సిల్ నుంచి కాదనీ, అవుననీ రెండు రకాల జవాబులూ అందుకున్న అనుభవంతో ఈ సేవను సమీక్షిస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డబ్బు ఎవరికివ్వాలో తేల్చే పద్ధతి న్యాయంగానే ఉంది. ఆ డబ్బు అడగడానికి పెట్టిన పద్ధతి మాత్రం అడిగే మొత్తానికి తగ్గట్టు లేదు.

చాలా కౌన్సిళ్లలో గ్రాంట్లు రెండు తరగతులుగా ఉంటాయి. ఏడాది పొడవునా దరఖాస్తు చేసుకోగలిగిన తక్షణ గ్రాంట్లు కొన్ని వందల డాలర్ల నుంచి ఒకటి రెండు వేల వరకూ ఉంటే, ఏడాదికి ఒకటి రెండు సార్లు మాత్రమే రౌండుగా తెరిచే గ్రాంట్లు అంతకు పెద్దవిగా ఉంటాయి. కౌన్సిల్‌ను బట్టి పేర్లూ, పరిమితులూ మారుతాయి కానీ ఒక నియమం మాత్రం దాదాపు అంతటా ఒకటే: అప్పటికే జరిగిపోయిన పనికి డబ్బు రాదు. ఒప్పందం మీద సంతకం పడకముందు కొన్న వస్తువు రసీదును ఎంత భద్రంగా దాచినా ఈ లెక్కలోకి రాదు.

లోపలికి అడుగు పెట్టడానికే మూడు అర్హతలు కావాలి. సంఘం చట్టబద్ధంగా నమోదై ఉండాలి. విక్టోరియాలో 2012 నాటి సంఘాల చట్టం కింద కనీసం ఐదుగురు సభ్యులతో కన్స్యూమర్ అఫైర్స్ విక్టోరియా దగ్గర నమోదు చేసుకోవచ్చు. రెండోది ఏ.బి.ఎన్., అంటే వ్యాపారాలకూ, సంస్థలకూ ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య. ఇది ఉచితంగానే వస్తుంది, కానీ అది లేకపోతే, మినహాయింపు ఉందని రాతపూర్వకంగా చూపించలేని పక్షంలో, చెల్లించేవారు ఆ సొమ్ములో 47 శాతం పన్ను కింద పట్టి ఉంచవలసి వస్తుంది కాబట్టి ఏ కౌన్సిలూ ఈ విషయంలో చూసీ చూడనట్టు పోదు. మూడోది పబ్లిక్ లయబిలిటీ బీమా, అంటే సంఘం కార్యక్రమంలో ఇతరులకు గాయమో, నష్టమో జరిగితే పరిహారం కట్టే బీమా. సాధారణంగా అడిగేది కోటి లేదా రెండు కోట్ల డాలర్ల రక్షణ. అంకె చూసి బెదరనక్కర లేదు, ప్రీమియం అంత భయంకరంగా ఉండదు. అయినా ఏడాదికి నాలుగు కార్యక్రమాలు చేసుకునే సంఘానికి బీమాయే పద్దు పుస్తకంలో అతి పెద్ద ఖర్చుగా తేలుతుంది. పుట్టినరోజు వేడుకకు హాలు తీసుకునే వ్యక్తికి కౌన్సిల్ తన సొంత బీమా నీడను కొంత రుసుముకు అందించే ఏర్పాటు చాలాచోట్ల ఉంది కానీ, క్రమం తప్పకుండా కలిసే సంఘాలకు అది వర్తించదు. ఇవేవీ లేని బృందాలకు ఆస్పిస్ అనే దారి ఉంది: నమోదైన మరో సంస్థ వీరి తరఫున డబ్బు అందుకుని, లెక్క చెప్పే బాధ్యత తీసుకుంటుంది. ఇది మంచి ఏర్పాటే కానీ, మన సంఘాల మధ్య ఉండే పొరపొచ్చాలు ఎరిగినవారికి, పక్క సంఘం దగ్గరికెళ్లి సంతకం అడగడం ఎంత కష్టమో విడమరచి చెప్పనక్కర లేదు.

ఇక దరఖాస్తు. మా కౌన్సిల్ కూడా చాలా కౌన్సిళ్లలాగే స్మార్టీగ్రాంట్స్ అనే ఆన్‌లైన్ వేదికను వాడుతుంది. ఇది మెల్‌బోర్న్‌లోనే ఉన్న అవర్ కమ్యూనిటీ సంస్థ నడుపుతున్న వ్యవస్థ. వేదికతో మాకు పేచీ లేదు. సగం నింపి ఆపవచ్చు, మళ్లీ తెరవవచ్చు, పంపిన తరువాత ప్రతి తీసుకోవచ్చు. చిక్కంతా అందులో కౌన్సిల్ పెట్టిన ప్రశ్నలతోనే. మేము అడిగినది పెద్దల కూడికకు. పిల్లల దగ్గరికి వచ్చి ఆరు నెలలో, ఏడాదో ఉండే తల్లిదండ్రులు, ఇక్కడే స్థిరపడినా కారు నడపలేని పెద్దవాళ్లు, బస్సు అరుదుగా వచ్చే కొత్త కాలనీల్లో పగలంతా ఒంటరిగా ఇంట్లో ఉండిపోతారు. వాళ్లను వారానికోసారి కమ్యూనిటీ సెంటరులో ఒకచోట చేర్చాలన్నది మా ప్రతిపాదన. కావలసినవి హాలు అద్దె, టీ కాచుకునే పెద్ద ఆర్న్, నడుముకు ఆనిక ఉన్న కొన్ని కుర్చీలు, గ్రంథాలయం దాకా తీసుకెళ్లి చూపించడానికి రెండు మూడు సార్లు వ్యాను కిరాయి. ఇంత చిన్న పనికి ఆ దరఖాస్తు అడిగినవి ఇవి: సమాజ అవసరాన్ని నిరూపించే ఆధారం, కౌన్సిల్ నాలుగేళ్ల ప్రణాళికలోని ఏ లక్ష్యానికి ఈ పని సరిపోతుందో వివరణ, ప్రమాదాల అంచనా పట్టిక, ఫలితాలను ఎలా కొలుస్తారన్న ప్రణాళిక, రాబడీ ఖర్చూ ఒక్క డాలరు తేడా లేకుండా సరిపోయే బడ్జెట్, ప్రతి వస్తువుకూ ధరల కొటేషన్లు.

ఆర్న్ దగ్గర ఏం జరిగిందో చెబితే మిగతాది ఊహించుకోవచ్చు. నూట యాభై డాలర్ల లోపు వస్తువుకు రెండు దుకాణాల నుంచి కొటేషన్లు జతపరచాం. తరువాత గ్రాంట్ల అధికారి ఫోన్ చేసి, గ్రాంటు కాలం ముగిశాక ఆ ఆర్న్ ఎవరి స్వాధీనంలో ఉంటుంది, ఎక్కడ భద్రపరుస్తారు, సంఘం రద్దయితే అది ఎవరికి చెందుతుంది అని అడిగారు. ఆవిడ అడిగినదాంట్లో తప్పు లేదు, ప్రజల సొమ్ముతో కొన్న వస్తువు ఎవరి వంటింటికో చేరకూడదు కదా. కానీ అవే ప్రశ్నలు పదిహేను వేల డాలర్ల సౌండ్ సిస్టమ్‌కు కూడా అంతే నిడివితో ఉంటాయని ఆవిడే చెప్పారు. నేను ఈ వ్యాసమంతా రాస్తున్నది ఆ ఒక్క మాట కోసమే అనుకున్నా ఫరవాలేదు. ఆ సాయంత్రం కమిటీ సభ్యులకు ఈ సంగతి చెబుతుంటే, తణుకు నుంచి వచ్చి కూతురింట్లో ఉంటున్న పెద్దావిడ ఒకరు విని, "ఏమ్మా, ఇన్ని కాయితాలు రాసే బదులు మేమే తలా పది డాలర్లు వేసుకుంటే టీ కెటిల్ రాదా?" అన్నారు. వస్తుంది. వచ్చినా, హాలు అద్దె ప్రతి వారం ఉంటుంది కాబట్టి దరఖాస్తు పూర్తి చేశాం.

బడ్జెట్ పట్టికలో సంఘం వంతు సాయం అనే గడి ఒకటుంది. నగదు లేకపోతే స్వచ్ఛంద సేవకు గంటకు ఇంత అని వెలకట్టి చూపించవచ్చు, ఆ గంట రేటును కౌన్సిలే నిర్ణయిస్తుంది. ఇది మాకు నచ్చిన అంశం. డబ్బు లేని సంఘం కూడా తన చాకిరీని అంకెల్లో చూపుకోగలుగుతుంది. ఇంట్లో ఉప్మా చేసి తెచ్చే ఇల్లాలి శ్రమను వంట కింద రాయాలా, స్వచ్ఛంద సేవ కింద రాయాలా అన్న దాని మీద మా కమిటీలో ఒక పూట చర్చ నడిచింది. చివరకు సేవ కిందే రాశాం, ఎందుకంటే వంట అని రాస్తే ఆహార భద్రత నిబంధనల గురించి మరో పత్రం తెరుచుకుంటుంది.

ఈ దరఖాస్తులో బలమైన సంఘానికీ, బలహీనమైన సంఘానికీ తేడా తెచ్చేది పని నాణ్యత కన్నా ఇంగ్లీషు రాసే నేర్పు. ఉద్యోగంలో రోజూ నివేదికలు రాసేవారు కమిటీలో ఉన్న సంఘం ఆ ప్రశ్నలకు కౌన్సిల్ మెచ్చే భాషలో జవాబులు రాసేస్తుంది. ఎవరి సాయం లేకుండా నలుగురు పెద్దవాళ్లు కలిసి నడుపుకునే బృందం తొలి పేజీలోనే ఆగిపోతుంది. ఈ లోటు కౌన్సిల్‌కు తెలియనిది కాదు. అందుకే సమాచార సదస్సులు పెడతారు, దరఖాస్తుకు ముందు అధికారితో మాట్లాడమని ప్రోత్సహిస్తారు, అడిగితే దుబాసీని కూడా ఏర్పాటు చేస్తారు. మా అనుభవంలో ఈ సేవ మొత్తంలో అత్యుత్తమమైన భాగం ఆ అధికారే. మా ముసాయిదా చదివి, పెద్దల సంస్కృతీ పరిరక్షణ గురించి మేము రాసిన రెండు పేరాలను పక్కన పెట్టి, ఒంటరితనం గురించి ఒక్క మూల రాసిన వాక్యాన్ని ముందుకు తెమ్మని ఆవిడ చెప్పిన సలహాతోనే దరఖాస్తు ఒక రూపానికి వచ్చిందని నా నమ్మకం. కౌన్సిల్ ఈ ఉద్యోగాల మీద ఖర్చు తగ్గించి ఆన్‌లైన్ పత్రాన్ని ఇంకాస్త పొడిగించిన రోజున ఈ సేవకు నేనిచ్చే మార్కులు సగానికి పడిపోతాయి.

రెండు అర్హత నిబంధనలు తెలుగు సంఘాలకు ప్రత్యేకంగా అడ్డు తగులుతాయి. మొదటిది నివాసం. లబ్ధిదారుల్లో ఎక్కువమంది ఆ కౌన్సిల్ పరిధిలోనే ఉండాలని చాలా కౌన్సిళ్లు అడుగుతాయి. మన సంఘాలేమో భాషను బట్టి ఏర్పడతాయి తప్ప సరిహద్దు గీతలను బట్టి కాదు, ఒకే కూడికకు రెండు మూడు కౌన్సిళ్ల పరిధుల నుంచి జనం వస్తారు. అందుకే హాజరు పట్టీలో పేరు పక్కన పోస్ట్‌కోడ్ రాయించే అలవాటు ఈరోజు నుంచే మొదలు పెట్టడం మంచిది. సందర్శక వీసా మీద ఉన్న పెద్దల్ని నివాసులుగా లెక్కించవచ్చా అని మేము అడిగితే, ఇక్కడ ఉంటున్నంత కాలం లెక్కించవచ్చని అధికారి రాతపూర్వకంగా జవాబిచ్చారు. ఇది ప్రతి కౌన్సిల్ విడిగా తేల్చుకునే విషయం కాబట్టి ఎవరికి వారు అడిగి రాయించుకోవాలి. రెండోది మతం. ఆరాధనా కార్యక్రమాలకు కౌన్సిళ్లు సాధారణంగా డబ్బు ఇవ్వవు, సాంస్కృతిక వేడుకలకు ఇస్తాయి. ఉగాది కవి సమ్మేళనానికీ, పంచాంగ శ్రవణానికీ మధ్య గీత ఎక్కడ గీయాలి, బతుకమ్మ పండుగా పూజా అన్న ప్రశ్నలకు మన దగ్గరే ఏకాభిప్రాయం ఉండదు, ఇక మదింపు చేసే అధికారికి ఎలా ఉంటుంది? పూల సేకరణ, పేర్చడం, పాట, ఆట అని పనులను విడివిడిగా రాసి, పూజ ఖర్చును సంఘం సొంత నిధుల కింద చూపిస్తే గొడవ ఉండదు.

నిర్ణయం ఎలా జరుగుతుందన్నదే ఈ సమీక్షలో నేను ఎక్కువసేపు ఆగదలచిన చోటు. దరఖాస్తు అందాక ముందు అర్హత పరిశీలన, ఆ తరువాత ఇద్దరు ముగ్గురు మదింపుదారులు ముందే ప్రకటించిన ప్రమాణాల మీద విడివిడిగా మార్కులు వేయడం, అధికారుల సిఫారసు, చివరకు కౌన్సిల్ సమావేశంలో గానీ, అధికారం పొందిన అధికారి స్థాయిలో గానీ ఆమోదం. సమావేశంలో ఆమోదించిన గ్రాంట్ల వివరాలు మినిట్స్‌లోకి ఎక్కుతాయి, ఎవరైనా చదువుకోవచ్చు. మా కౌన్సిల్ మార్గదర్శకాల్లో ఒక వాక్యం ముదురు అక్షరాల్లో ఉంది: కౌన్సిలర్లను కలిసి మద్దతు కూడగట్టే ప్రయత్నం చేస్తే దరఖాస్తును తిరస్కరించవచ్చు. మన ఊళ్లలో కార్పొరేటర్ గారిని కలిసి ఒక మాట వేయించడం అర్జీలో భాగమే; పార్లమెంటు సభ్యుడి చేతిలో ఏడాదికి 5 కోట్ల రూపాయల స్థానికాభివృద్ధి నిధి ఉండి, పనులను సిఫారసు చేసే అధికారం ఆయనదే అయినప్పుడు, ఆ నిధి కోసం ఆయన గుమ్మం తొక్కడం తప్పనీ అనలేం. ఇక్కడ అదే పని చేస్తే నష్టం మనకే. పండుగకు కౌన్సిలర్‌ను ముఖ్య అతిథిగా పిలిచి, శాలువా కప్పి, ఆ వారంలోనే దరఖాస్తు పెట్టే సంఘాలను చూశాను. ఆ శాలువా కప్పించుకున్న కౌన్సిలర్ ఆ దరఖాస్తు చర్చకు వచ్చినప్పుడు సంబంధాన్ని ప్రకటించి బయటకు వెళ్లాల్సి రావచ్చు. అంటే మనకు అనుకూలంగా ఉన్న ఒక ఓటును మనమే తీసేసుకున్నట్టు.

ఈ కట్టుదిట్టం ఊరికే రాలేదు. విక్టోరియా ఆడిటర్ జనరల్ కార్యాలయం 2022 మే నెలలో, స్థానిక గ్రాంట్లలో మోసాల నియంత్రణపై ఆరు కౌన్సిళ్లను పరిశీలించి నివేదిక ఇచ్చింది. సొంత ప్రయోజనాల ప్రకటన సరిగా జరగకపోవడం, నిర్ణయాలకు కారణాలు నమోదు కాకపోవడం, ఇచ్చిన డబ్బు ఏమైందో చూడకపోవడం వంటి లోపాలను ఎత్తి చూపి, దరఖాస్తుల మదింపు నుంచీ, సిఫారసుల నుంచీ కౌన్సిలర్లను దూరంగా ఉంచాలని రాష్ట్రంలోని కౌన్సిళ్లన్నిటికీ సూచించింది. అంతకు రెండేళ్ల ముందు, 2020 జనవరిలో, జాతీయ ఆడిట్ కార్యాలయం 10 కోట్ల డాలర్ల సామాజిక క్రీడా గ్రాంట్ల పథకాన్ని తప్పుపట్టింది. పోటీ గట్టిగా ఉన్న నియోజకవర్గాల మీద, చేజిక్కించుకోవాలనుకున్న నియోజకవర్గాల మీద మంత్రి కార్యాలయం దృష్టి పెట్టిన తీరు పంపిణీలో కనిపించిందన్నది ఆ నివేదిక సారం. ఆ గ్రాంట్లు మంజూరు చేసిన మంత్రి మరుసటి నెలలోనే మంత్రివర్గం నుంచి తప్పుకున్నారు. అందుకు చూపిన కారణం మాత్రం, గ్రాంటు అందుకున్న ఒక షూటింగ్ క్లబ్బులో తనకున్న సభ్యత్వాన్ని సకాలంలో ప్రకటించకపోవడం. ఒక క్లబ్బు సభ్యత్వం మంత్రి పదవికి ఎసరు పెట్టిన దేశంలో, చిన్న కౌన్సిల్ అధికారి ఆర్న్ గురించి మూడు ప్రశ్నలు అడగడాన్ని నేను అర్థం చేసుకోగలను. అయితే మోసాన్ని ఆపవలసిన బరువు పంచేవారి మీద ఉండాలి. అడిగేవారి మీదికి దాన్ని దించేస్తే మోసగాడు పత్రాలన్నీ చక్కగా నింపి లోపలికి వస్తాడు, చేతకాని నిజాయితీపరుడు బయటే ఉండిపోతాడు.

కాలక్రమం మరో లోపం. రౌండు తెరిచి ఉండేది కొన్ని వారాలే, జవాబు రావడానికి నెలలు పడుతుంది. ఆర్థిక సంవత్సరం జూలైలో మొదలై జూన్‌లో ముగుస్తుంది. తెలుగు పండుగలు చాంద్రమానాన్ని పాటిస్తాయి. హాలు ముందు పట్టుకోకపోతే దొరకదు, పట్టుకుంటే గ్రాంటు రాకపోయినా అద్దె కట్టాలి. 2024లో ఇది మరీ చిక్కు పెట్టింది. ఆ ఏడాది కౌన్సిల్ ఎన్నికలు అక్టోబరు 26న జరిగాయి, సెప్టెంబరు 17 నుంచే కేర్‌టేకర్ కాలం మొదలైంది, ఆ కాలంలో పెద్ద నిర్ణయాలు నిషిద్ధం కాబట్టి చాలా కార్యక్రమాలు ముందుకో వెనక్కో జరిగాయి. బతుకమ్మ సరిగ్గా అక్టోబరు 2న మొదలైంది. ఎన్నికల తేదీ నాలుగేళ్ల ముందే తెలిసి ఉంటుంది కనుక వచ్చేసారి రౌండు తేదీలను దానికి తగినట్టు సర్దడం కౌన్సిల్‌కు కష్టం కాదు.

మాకు తిరస్కరణ ఎదురైంది వారాంతపు తెలుగు బడికి అడిగినప్పుడు. ఆ ఉత్తరం ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చని వస్తువు. దరఖాస్తులు ఎక్కువగా వచ్చాయి, పోటీ తీవ్రంగా ఉంది, మీ ఆసక్తికి ధన్యవాదాలు, అంతే. మార్కులు లేవు, కారణం లేదు. ఫోన్ చేసి అడిగితేనే అసలు సంగతి బయటపడింది: భాషా బడులకు విద్యార్థుల సంఖ్యను బట్టి నిధులిచ్చే పథకం రాష్ట్ర విద్యాశాఖ దగ్గర ఉంది, మరో ప్రభుత్వ బాధ్యత కిందికి వచ్చే పనికి కౌన్సిల్ ఇవ్వదు. ఉత్తరంలో ఒక్క పంక్తి రాస్తే సరిపోయే విషయం ఇది. ఫోన్ చేయడానికి మొహమాటపడే సంఘాలు ఏటా అదే దరఖాస్తు పెట్టి, ఏటా అదే ఉత్తరం అందుకుంటూ, తమ మీద ఏదో వివక్ష ఉందని అనుకుంటూ ఉంటాయి. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే అలాంటి ఫిర్యాదుల్లో కొన్నయినా ఆ ఒక్క పంక్తి కొరత వల్ల పుట్టినవే.

పెద్దల కూడికకు మంజూరైన తరువాత మాత్రం అంతా సాఫీగా సాగింది. ఒప్పందం, బ్యాంకు వివరాలు, ప్రచార పత్రాల మీద కౌన్సిల్ చిహ్నం ఎలా వేయాలో నియమాలు, ఆపైన డబ్బు. కార్యక్రమం ముగిశాక అక్విటల్ అనే లెక్కల నివేదిక ఇవ్వాలి: రసీదులు, హాజరు, కొన్ని ఫొటోలు, ఏం బాగుంది, ఏం బాగాలేదు. వ్యాను కిరాయి అనుకున్నదానికన్నా తగ్గడంతో మిగిలిన సొమ్మును పెద్దలకు పెద్దక్షరాల తెలుగు పుస్తకాలు కొనడానికి వాడుకుంటామని ముందుగా ఈమెయిల్‌లో అడిగితే ఒప్పుకున్నారు. అడగకుండా వాడితే తిరిగి కట్టవలసి వచ్చేది. అక్విటల్ ఇవ్వని సంఘానికి తరువాతి రౌండులో తలుపు మూసుకుపోతుంది. కోశాధికారి మారినప్పుడు పాత రసీదుల సంచి కొత్తవారి చేతికి అందకపోవడం మన సంఘాల్లో మామూలే కాబట్టి, రసీదు వచ్చిన రోజే ఫొటో తీసి సంఘం ఉమ్మడి ఖాతాలో పెట్టడం మేలు.

కౌన్సిళ్ల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. విక్టోరియాలో 2016-17 నుంచి రేట్ల పెంపుదలకు రాష్ట్ర ప్రభుత్వం పరిమితి విధిస్తోంది. ఆ తొలి ఏడాది అది 2.5 శాతం, 2024-25లో 2.75 శాతం. ఖర్చులు అంతకన్నా వేగంగా పెరుగుతున్నప్పుడు ముందుగా కోత పడే పద్దుల్లో సంఘాల గ్రాంట్లు ఉంటాయి, అడిగే సంఘాలేమో జనాభాతో పాటు పెరుగుతూనే ఉన్నాయి. ఈ పరిస్థితిలో మొత్తం పెంచమని అడగడం కన్నా, రెండు వేల డాలర్ల లోపు దరఖాస్తుకు రెండు పేజీల పత్రం, ఒక్క కొటేషన్, కావాలంటే ఫోన్‌లో మాట్లాడి నింపే సౌకర్యం, తిరస్కరణ ఉత్తరంలో కారణం అడగడం సమంజసమని మా సంఘం భావించి, వార్షిక బడ్జెట్ ముసాయిదాపై ప్రజాభిప్రాయం కోరినప్పుడు ఆ మేరకు రాసి పంపింది.

ఐదుకు ఎంత అని అడిగితే నేను మూడున్నర ఇస్తాను. ఇప్పటికే నమోదై, బీమా ఉన్న సంఘాలు నిస్సంకోచంగా దరఖాస్తు చేసుకోవచ్చు. ఒక్కరోజు పండుగ భోజనాల కోసం అయితే మాత్రం ఈ శ్రమ దండగ; అద్దె, పరికరాలు, శిక్షణ వంటి ఏడాది పొడవునా ఉండే ఖర్చుల కోసమైతే గిట్టుబాటవుతుంది. కొత్తగా మొదలైన బృందాలు నమోదు, బీమాల జోలికి వెళ్లకుండా ముందుగా దగ్గరలోని నైబర్‌హుడ్ హౌస్ అనే స్థానిక సామాజిక కేంద్రాన్ని కలిసి, ఆస్పిస్‌గా ఉంటారేమో అడగాలి. వాళ్ల కమిటీ నెలకోసారి కూర్చుంటే ఒప్పుకుంటున్నట్టు ఉత్తరం చేతికి రావడానికే అంత సమయం పడుతుంది కాబట్టి, రౌండు తెరిచేదాకా ఆగకుండా ఆ పని ముందే మొదలుపెట్టాలి.